కంప్యూటర్ కుంచె: కొన్ని తొలి పాఠాలు

మన సంఘం సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు పట్టుబట్టారు. కవిత రాయడం నాకు రాదు. కథ అంతకన్నా రాదు. వచ్చిందల్లా ఒక్కటే పని. సాయంత్రం క్లాసులు అయ్యాక బస్సెక్కి పటాన్‌చెరులో దిగి, హైవే పక్కన ఒక ఫ్లెక్సీ షాపులో రాత్రి తొమ్మిదిదాకా కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, నాయకుల స్వాగతాలు, ఫ్యాక్టరీ గేట్లకు సేఫ్టీ బోర్డులు, శ్రద్ధాంజలులు, అన్నీ నా చేతిమీదుగానే మిషనులోకి పోతాయి. అందుచేత ఆ పనిలో వాడే కంప్యూటర్ కుంచెల గురించి, మొదటిసారి వాటి ముందు కూర్చునే విద్యార్థి మిత్రుల కోసం, నాకు తెలిసినంత మేరకు నాలుగు మాటలు రాస్తున్నాను. బాగా తెలిసినవాళ్ళు మన్నించాలి.

ఒక సంగతి ముందే చెప్పాలి. మా నాయిన పెయింటరు. ఇస్నాపూర్, రుద్రారం, పాశమైలారం, బొల్లారం, ఈ చుట్టుపట్ల ఎన్నో ఫ్యాక్టరీ గోడల మీద "పొగ త్రాగరాదు" అనీ, "అపాయం 440 వోల్టులు" అనీ ఒకప్పుడు ఆయన చేతి అక్షరాలే వుండేవి. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని సన్నగిల్లింది. ఇప్పుడు ఒక కాంట్రాక్టరు కింద ఫ్యాక్టరీల్లో పైపులకూ ట్యాంకులకూ రంగులు వేస్తున్నాడు. ఆయన పని ఏది తీసుకుపోయిందో దాన్నే నేను రోజూ తయారుచేస్తున్నాను. ఈ మాట ఇంట్లో మేం ఎన్నడూ పైకి అనుకోలేదు. కానీ ఇక్కడ రాసే పాఠాల్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నవే. మిగతా సగం ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పు సంగతి చివర చెబుతాను.

ఈ కుంచెలు ఎక్కడివి?

తెర మీద బొమ్మలు వేసే ప్రోగ్రాములకు ఇప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. అమెరికాలో జిరాక్స్ కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1973లో రిచర్డ్ షూప్ తయారుచేసిన 'సూపర్‌పెయింట్' ఈ జాతిలో తొలివాటిలో ఒకటి. 1984లో మాకింటోష్ కంప్యూటర్‌తోపాటు బిల్ అట్కిన్సన్ రాసిన 'మాక్‌పెయింట్' వచ్చింది. అందులో నలుపు, తెలుపు తప్ప వేరే రంగు లేదు. కానీ కుంచె, పెన్సిల్, ఎరేజర్, రంగు ఒంపే బకెట్టు, స్ప్రే డబ్బా, ఈ బొమ్మలన్నీ తెర పక్కన వరసగా పేర్చిన పద్ధతి సామాన్యుల చేతికి వచ్చింది దానితోనే. ఈనాటికీ ఏ ప్రోగ్రాము తెరిచినా ఇంచుమించు అదే వరస కనిపిస్తుంది.

మన షాపుల్లో అందరూ వాడే ఫోటోషాప్ కూడా ఒక విద్యార్థి మొదలుపెట్టిందే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేస్తున్న థామస్ నోల్ 1987లో దాన్ని రాయడం మొదలుపెట్టాడు. తమ్ముడు జాన్ నోల్ తోడయ్యాడు. 1990 ఫిబ్రవరిలో అడోబ్ కంపెనీ దాన్ని మార్కెట్లో పెట్టింది. అయితే దాన్ని డబ్బు కట్టి వాడుకోవాలి. మనబోటివాళ్ళకు అందుబాటులో వున్నది గింప్. దీన్ని 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టారు. 1996లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఆనాటినుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు దాన్ని పెంచుతూ వస్తున్నారు. 2025 మార్చిలో మూడో తరం గింప్ విడుదలైంది. నేను షాపులో ఫోటోషాప్ వాడతాను, ఇంట్లో పాత కంప్యూటర్ మీద గింప్ వాడతాను. మీటలు కొంచెం వేరు గానీ విద్య ఒకటే.

గడులు, రంగులు

తెర మీద బొమ్మ అంటే గళ్ళ కాగితం. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. ఒక్కో గడిలో ఒకే ఒక్క రంగు వుంటుంది. పాస్‌పోర్టు సైజు ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. అంగుళానికి 300 గడుల చొప్పున స్కాన్ చేస్తే వెడల్పున సుమారు 413 గడులు, ఎత్తున 531 గడులు వస్తాయి. అదే ముఖాన్ని మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ మీద అంగుళానికి 72 గడుల చొప్పున వెయ్యాలంటే 2592 గడుల వెడల్పు, 3456 గడుల ఎత్తు కావాలి. అంటే వున్న గడులను ఆరు రెట్లకు పైగా సాగదీయాలన్నమాట. ఫొటోలో కంటికి ఆనని నలక కూడా ఫ్లెక్సీ మీద రూపాయి బిళ్ళంత అవుతుంది. మా పనిలో దిద్దుబాటుకు అంత పని ఎందుకుందో దీన్నిబట్టి ఊహించండి.

ఇక రంగు. నాయిన పసుపులో నీలం కలిపి ఆకుపచ్చ తీస్తాడు. తెర మీద ఆ లెక్క పనికిరాదు. తెర మీద వున్నది రంగు కాదు, వెలుగు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు దీపాలు ప్రతి గడిలోనూ వున్నాయనుకోండి. ఒక్కోదాని వెలుగుకు 0 నుంచి 255 దాకా 256 మెట్లు. మూడూ సున్నా అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 0 పెడితే పసుపు వస్తుంది! ఈ సంగతి ఇంట్లో చెబితే నాయిన మూడు రోజులు నమ్మలేదు. తెరకు దగ్గరగా భూతద్దం పెట్టి చూపించాక గానీ ఒప్పుకోలేదు. మూడింటి మెట్లనూ కలిపి లెక్కవేస్తే 1,67,77,216 రంగులు. అయితే ఫ్లెక్సీ మిషను వేసేది వెలుగు కాదు, సిరా. అందుకే తెర మీద నిగనిగలాడిన ఆకుపచ్చ అచ్చులో కాస్త మాడినట్టు వస్తుంది. కొత్తవాళ్ళు దీనికి కంగారుపడతారు.

రంగును పేరుతో కాక అంకెతో పట్టుకోవడం అలవాటు చేసుకోండి. దీని విలువ మన పారిశ్రామికవాడలో తెలిసినంతగా మరెక్కడా తెలియదు. ఫ్యాక్టరీ పైపులకు ఏ రంగు వెయ్యాలో ఐఎస్ 2379 అనే భారత ప్రమాణం చెబుతుంది. నీటి పైపుకు సముద్రపు ఆకుపచ్చ, గాలికి లేత నీలం, గ్యాసులకు పసుపు, ఆమ్లాలకు ముదురు ఊదా. నాయిన వేసే రంగు చూసే కార్మికుడు ఏ వాల్వు తిప్పాలో తెలుసుకుంటాడు. రంగు అక్కడ అలంకారం కాదు, హెచ్చరిక. అటువంటి బోర్డు తెర మీద చేసేటప్పుడు "ఇంచుమించు అదే రంగు" అంటే చెల్లదు.

ఐడ్రాపర్ అనే గొట్టం గుర్తు ఒకటుంటుంది. బొమ్మలో ఏ గడి మీద నొక్కితే ఆ గడి రంగు మీ కుంచెకు ఎక్కుతుంది. గింప్‌లో కుంచె చేతిలో వుండగానే కంట్రోల్ మీట నొక్కిపట్టి క్లిక్ చేసినా చాలు. మొదటి వారం రోజులు బొమ్మలు వెయ్యడం మానేసి ఈ గొట్టంతోనే ఆడుకోమని నా సలహా. చిమ్నీ పొగ తెల్లగా వుందనుకుంటాం, గొట్టం పెట్టి చూస్తే బూడిదలో నీలం. జుట్టు నల్లగా వుందనుకుంటాం, చూస్తే గోధుమ. తెల్లచొక్కా నీడలో తెలుపే వుండదు. కన్ను చూసేది ఒకటి, మనసు అనుకునేది మరొకటి అని తెలుస్తుంది.

పెన్సిల్, కుంచె

ఈ రెంటికీ తేడా అంచులో వుంది. పెన్సిల్ గడిని నింపితే పూర్తిగా నింపుతుంది, లేదా వదిలేస్తుంది. అందుకని ఏటవాలు గీత గీస్తే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. కుంచె అంచుల్లోని గడులను సగంసగం రంగుతో నింపి ఆ మెట్లను కన్నుకు కనిపించకుండా చేస్తుంది. గింప్‌లో ఎన్ అక్షరం నొక్కితే పెన్సిల్, పి నొక్కితే కుంచె వస్తాయి. ఫోటోషాప్‌లో రెంటికీ బి.

కుంచె దొరికాక నాలుగు పట్టీలు చూసుకోవాలి.

మొదటిది సైజు. చదరపు బ్రాకెట్ల మీటలు రెండూ కుంచెను పెద్దా చిన్నా చేస్తాయి. ఆ మీటల మీద ఎడమచేతి వేళ్ళు ఎప్పుడూ వుండాలి. పెద్ద కుంచెతో మొదలుపెట్టి చిన్న కుంచెతో ముగించాలి. కొత్తవాళ్ళు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు, కంటి రెప్పలతో మొదలుపెడతారు.

రెండోది గట్టితనం, హార్డ్‌నెస్ అంటారు. నూరు పెడితే అంచు కత్తితో కోసినట్టు వుంటుంది. సున్నా పెడితే మధ్యలో చిక్కగా వుండి అంచుకు పోనుపోను పలచబడుతుంది. అక్షరాలకు గట్టి కుంచె, బుగ్గకూ పొగకూ మెత్తని కుంచె. ఎక్కడ ఏది వాడాలో నాయినను అడిగితే ఒక్క మాటలో చెప్పాడు. "వస్తువు యాడ మలుగుతదో ఆడ మెత్తగ, యాడ తెగుతదో ఆడ గట్టిగ." పుస్తకాల్లో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పగా నేను చూడలేదు.

మూడోది ఒపాసిటీ, అంటే కప్పే శక్తి. నూరు శాతం పెడితే కిందిది పూర్తిగా కప్పుకుపోతుంది. యాభై పెడితే కిందిది సగం, పైది సగం కలుస్తాయి. తెల్లకాగితం 255 అనుకోండి. యాభై శాతం నలుపుతో ఒకసారి వేస్తే సుమారు 128 అవుతుంది. చెయ్యి ఎత్తి మళ్ళీ వేస్తే 64. మూడోసారికి 32. ప్రతిసారీ మిగిలినదాంట్లో సగమే పోతుంది గనుక తొందరగా పూర్తి నలుపు రాదు. ఇదే మనకు వరం. పది పదిహేను శాతం పెట్టుకుని నాలుగైదు సార్లు వేస్తే నీడ మెల్లగా దిగుతుంది, ఎక్కడ ఆపాలో చెయ్యి ఎరుగుతుంది. ఫోటోషాప్‌లో దీని పక్కనే ఫ్లో అని మరొకటి వుంది. ఒపాసిటీ ఒక్క దెబ్బకు పైహద్దు అయితే, ఫ్లో ఆ హద్దులోపల రంగు ఎంత వేగంగా పోగవుతుందో చెబుతుంది. టర్పెంటైన్ ఎక్కువ కలిపిన ఎనామెల్ లాంటిదన్నమాట.

నాలుగోది స్పేసింగ్, అంటే ఎడం. కంప్యూటర్ నిజానికి గీత గీయదు. కుంచె మొనను ముద్రలాగా ఒకదాని పక్కన ఒకటి గుద్దుకుంటూ పోతుంది. ముద్రకూ ముద్రకూ మధ్య దూరం కుంచె వెడల్పులో పాతిక శాతం లోపు వుంటే ఏకగీతలా కనిపిస్తుంది. నూరు దాటిస్తే ముగ్గు చుక్కల్లా విడివిడిగా పడతాయి. ఒకసారి చేసి చూడండి, కుంచె గుట్టంతా అక్కడే బయటపడుతుంది.

తిన్నని గీత కావాలంటే ఒక చోట క్లిక్ చేసి, షిఫ్టు మీట పట్టి రెండో చోట క్లిక్ చెయ్యాలి. నాయిన సుద్ద పూసిన దారం గోడకు ఆనించి చివ్వున లాగి వదిలితే పడే గీతను చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

బకెట్టు, గ్రేడియంట్

బకెట్టుతో ఒక చోట రంగు ఒంపితే, ఆ రంగును పోలిన పక్కగడులన్నీ నిండుతాయి. ఎంత పోలిక వుంటే నింపాలో చెప్పేది థ్రెషోల్డ్ అనే పట్టీ. తక్కువ పెడితే అక్షరం చుట్టూ నిండని తెల్లచుక్కలు మిగులుతాయి. ఎక్కువ పెడితే రంగు గట్టు దాటుతుంది. గీతలో ఒక్క గడి ఖాళీ వున్నా సరే, గండిపడ్డ మడిలోంచి నీళ్ళు పోయినట్టు రంగు పేజీ అంతా పారుతుంది. అప్పుడు కంగారు పడక్కర్లేదు. కంట్రోల్, జెడ్ నొక్కితే వెనక్కి వస్తుంది. తర్వాత గండి పూడ్చుకోవాలి.

గ్రేడియంట్ అంటే ఒక రంగులోంచి మరో రంగులోకి క్రమంగా పోవడం. ఆకాశానికి అందరూ వాడతారు. నేను మాత్రం డ్రమ్ము మీద నేర్చుకొమ్మంటాను. మన పారిశ్రామికవాడలో నీలం డ్రమ్ములకు కొదవ లేదు కదా. ఒక నిలువు దీర్ఘచతురస్రం గీసి, అడ్డంగా మధ్యలో లేత నీలం, రెండు పక్కలా ముదురు నీలం వచ్చేట్టు గ్రేడియంట్ లాగండి. బల్లపరుపు కాగితం గుండ్రంగా తిరిగిపోతుంది. వెలుగూ నీడా తప్ప గుండ్రదనం అనేది వేరే ఏమీ లేదని ఆ రోజు అర్థమవుతుంది.

ఎరేజర్, పొర, ముసుగు

ఎరేజర్ తుడుస్తుందని అందరూ అనుకుంటారు. పారదర్శకత లేని అట్టడుగు పొర మీద అది తుడవదు. వెనకరంగును పైన పూస్తుంది, అంతే. అంటే అదీ ఒక కుంచే. అందుకే నేను ఎరేజర్ చాలా తక్కువ వాడతాను.

దానికన్నా గొప్పది లేయర్, అంటే పొర. బొమ్మ మీద ఒక గాజుపలక పెట్టి, ఆ పలక మీద రంగు వేశామనుకోండి. కిందిబొమ్మకు ఏమీ కాదు. పలక తీసేస్తే అసలు బొమ్మ అట్లాగే వుంటుంది. పలక మీద పలక ఎన్నయినా పేర్చవచ్చు. నీడకు ఒకటి, అక్షరాలకు ఒకటి, దిద్దుబాట్లకు ఒకటి.

మాస్క్ అనేది ఆ పలకకు తొడిగే ముసుగు. ముసుగు మీద నల్లరంగు పూసిన చోట పలక కనిపించదు, తెల్లరంగు పూసిన చోట కనిపిస్తుంది, బూడిదరంగు పూస్తే సగం కనిపిస్తుంది. ట్యాంకరు మీద అక్షరాలు వెయ్యడానికి నాయిన రేకు కోసి అచ్చు చేసేవాడు. ముసుగు అటువంటిదే. తేడా ఏమిటంటే కోసిన రేకు మళ్ళీ అతకదు. ఈ ముసుగు మీద నలుపు పూసి దాచిందాన్ని తెలుపు పూసి మళ్ళీ తెచ్చుకోవచ్చు.

పొరలు నిలవాలంటే గింప్‌లో ఎక్స్‌సీఎఫ్‌గా, ఫోటోషాప్‌లో పీఎస్‌డీగా దాచుకోవాలి. జేపెగ్‌గా దాస్తే పొరలన్నీ ఒక్కటై అతుక్కుపోతాయి, పైగా ప్రతిసారీ బొమ్మ కొంచెం కొంచెం నలుగుతుంది. ఈ వాక్యం కింద గీత గీసుకోండి. నేను గీసుకోకపోవడం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

క్లోన్, హీల్, ఒక తప్పు

ముందు పనిముట్ల సంగతి. క్లోన్ అంటే ఒక చోటి గడులను ఎత్తి మరో చోట అద్దే కుంచె. ఎక్కడినుంచి ఎత్తాలో గింప్‌లో కంట్రోల్ పట్టి, ఫోటోషాప్‌లో ఆల్ట్ పట్టి క్లిక్ చేసి చూపించాలి. హీల్ అంటే మాన్పడం. ఇదీ అట్లాగే ఎత్తుతుంది గానీ, అద్దిన చోటి వెలుగుకు, రంగుకు సరిపడేట్టు కలిపేస్తుంది. ముఖం మీది చర్మానికి హీల్ మంచిది. కనుబొమ్మ అంచు, చొక్కా కాలరు వంటి చోట్ల హీల్ పక్కరంగును లాక్కొచ్చి మరక చేస్తుంది, అక్కడ క్లోన్ వాడాలి. ఎత్తే చోటును తరచు మారుస్తూ వుండాలి. లేకపోతే ఒకే నమూనా పదేపదే పడి దొంగతనం పట్టుబడుతుంది.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఒక ముసలామె తన తమ్ముడిని వెంటబెట్టుకుని షాపుకు వచ్చింది. జహీరాబాద్ వైపు పల్లె. కొడుకు ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. నైట్ డ్యూటీ దిగి బండి మీద వస్తూ హైవే మీద పోయాడు. ఫోను కూడా అక్కడే నుజ్జయింది. మిగిలిన ఫొటోల్లో గుంపులో వేలిగోరంత ముఖం. ముఖం సరిగ్గా కనిపించేది ఒక్క గేటుపాసు కార్డు మీదే. దాని మీద బుగ్గనుంచి చెవిదాకా నీలం స్టాంపు పడి వుంది. ఆ కార్డు మర్నాడు పొద్దున ఏదో ఆఫీసులో అప్పజెప్పాలట. దినం నాటికి ఫ్లెక్సీ కావాలి.

కార్డు స్కాన్ చేసి ఇచ్చేశాను. రాత్రి కూర్చుని స్టాంపు తీసేశాను. బుగ్గ మీద హీల్, చెవి అంచున క్లోన్. నిజం చెప్పాలంటే అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. ఆ ఊపులో ఆగలేదు. ముఖం మీది చిన్న చిన్న మచ్చలు తీసేశాను. ఎడమ కనుబొమ్మ మీద గీతలాంటిది వుంటే అదీ మాన్పేశాను. కార్డు ప్లాస్టిక్ మీద పడ్డ గీత అనుకున్నానో, లేకుంటేనే అందంగా వుంటాడనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. కొత్త పొర పెట్టుకోలేదు. అసలు స్కాన్ మీదే చేశాను. కంట్రోల్, ఎస్ నొక్కాను. అదే పేరు, అదే జేపెగ్. కంప్యూటర్ కట్టేసి ఇంటికి పోయాను. కంట్రోల్, జెడ్ అనే మందు ఫైలు మూసేదాకానే పనిచేస్తుంది.

మర్నాడు ఫ్లెక్సీ విప్పి చూపించాం. ఆమెకు చదువు రాదు. పేరు, తేదీలు చూడలేదు. నేరుగా ముఖం మీద చెయ్యి పెట్టింది. వేళ్ళతో కనుబొమ్మ తడిమింది.

"ఈడ గాటుండాలె. యాడవాయె బిడ్డా?"

నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు చెరుకు కొట్టే కత్తి తగిలి అయిన గాటట. అప్పుడు తనే పసుపు అద్ది, భుజాన వేసుకుని నాలుగు మైళ్ళు దవాఖానకు నడిచిందట. "గా గాటు లేకుంటె వీడు నా కొడుకెట్లయితడు?" అన్నది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అన్నది.

కార్డు అప్పటికే ఆఫీసులో వుంది. అడగబోతే ఫైలులో పెట్టేశాం, ఇప్పుడు తియ్యలేం అన్నారు. స్కాన్ నేనే చెరిపేసుకున్నాను. ఆ ముఖం మీది ఆ గాటు ఈ లోకంలో ఇంక ఆమె కళ్ళల్లో తప్ప మాకు అందే చోట ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం నాయినను షాపుకు పిలిచాను. ఆమెను నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. ఈసారి కొత్త పొర పెట్టాను. ముదురు రంగు తీసుకుని సన్న కుంచెతో ఒక గీత గీశాను. కాదన్నది. ఇంకా సన్నగా గీశాను. కాదన్నది. నాయిన కొంచెంసేపు చూసి అన్నాడు. "గాటంటె గీత గాదు బిడ్డా, గుంట. గుంటకు ఒక దిక్కు నీడ వడుతది, ఒక దిక్కు ఎలుగు వడుతది. గా ఫొటోల ఎలుగు యాడికెంచి వస్తున్నదో ముందుగాల చూడు."

చూశాను. ముక్కు నీడ కుడిపక్కకు పడుతోంది. అంటే వెలుగు ఎడమనుంచి. గుంటకు వెలుగు వచ్చే వైపు అంచున నీడ, అవతలి అంచున వెలుగు. ఐడ్రాపర్‌తో అతని ముక్కు నీడలోంచి రంగు ఎత్తాను, నుదుటి మెరుపులోంచి లేతరంగు ఎత్తాను. ఒపాసిటీ పన్నెండు. కుంచె సైజు కనుబొమ్మ వెంట్రుకంత. ఒక అంచున నీడ, పక్కనే వెలుగు. గాటు దాటిన చోట కనుబొమ్మ వెంట్రుకలు రెండు మూడు తీసేశాను. ఆమె "ఇంకింత మీదికి" అన్నది. పొరనే పట్టుకుని పైకి జరిపాను. "గంత లోతు లేకుండె, మానింది గద" అన్నది. పొర ఒపాసిటీ తగ్గించుకుంటూ వచ్చాను. నూరు, ఎనభై, అరవై. అరవై దగ్గర నా మణికట్టు పట్టుకుంది.

"గంతే. ఇగ ముట్టకు."

అది ఫొటో కాదు. సగం ఫొటో, సగం ఒక తల్లి చెబితే నేను వేసిన బొమ్మ. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. రెండో ఫ్లెక్సీ ఖర్చు నా జీతంలో పట్టుకున్నారు, అది న్యాయమే. తిరిగి వచ్చేటప్పుడు బస్‌స్టాండు దాకా నాయిన ఏమీ మాట్లాడలేదు. తర్వాత మాత్రం ఒక్క మాట అన్నాడు. "రంగేసుడంటే కప్పుడే. కప్పేముందు కింద ఏమున్నదో సూసుకోవాలె. గోడకైనా గంతే, నీ కంప్యూటర్‌కైనా గంతే."

అభ్యాసాలు

వ్యాసం చదివితే చెయ్యి తిరగదు. కనుక వారానికి ఒకటి చొప్పున ఇవి చెయ్యండి.

ఒకటి. "పొగ త్రాగరాదు" బోర్డు. పెన్సిల్‌తో, గట్టి కుంచెతో, బకెట్టుతో మాత్రమే చెయ్యాలి. తర్వాత దాన్ని గోరంత చేసి చూడండి. అప్పుడూ చదవగలిగితే రంగుల ఎంపిక సరైనదే.

రెండు. నీలం డ్రమ్ము. గ్రేడియంట్‌తో గుండ్రం చేసి, మెత్తని కుంచెతో నేల మీద నీడ వెయ్యండి. నీడను వేరే పొర మీద వెయ్యాలి.

మూడు. చిమ్నీ పొగ. మెత్తని కుంచె, ఒపాసిటీ పది. రంగును ఊహించి కాదు, మీరు తీసిన ఫొటోలోంచి ఐడ్రాపర్‌తో ఎత్తి వేయండి. చివర స్మడ్జ్ అనే వేలిగుర్తుతో గాలి వీచే వైపుకు కొంచెం రుద్దండి. ఎక్కువ రుద్దితే బురద అవుతుంది.

నాలుగు. మీ ఇంట్లో పాత ఫొటో ఒకటి. ముందు నకలు తీసి అసలును దాచండి. కొత్త పొర మీద దిద్దండి. ఏది మరక, ఏది మనిషి అని తేలకపోతే ఆ మనిషిని ఎరిగినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

షాపులో నా కంప్యూటర్ మీద ఇప్పుడు 'అసలు' అని ఒక ఫోల్డరు వుంది. వచ్చిన ప్రతి ఫొటో మొదట అందులోకి పోతుంది, ఆ తర్వాతే కుంచె చేతిలోకి వస్తుంది. ఆ ఫోల్డరులో ఒక్క ముఖం మాత్రం లేదు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఎందుకింత జాగ్రత్త అని అడిగితే, ఈ కథే చెబుతుంటాను.